రోజుకు రెండుసార్లు తోముతున్నా నాలుగు పళ్ళు పుచ్చిపోయాయి, లోపం ఎక్కడ?

మూడో_అంతస్తు
చల్లటి నీళ్ళు తాగితే ఎడమ వైపు జివ్వుమంటోందని నిన్న సాయంత్రం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎక్స్-రే తీసి, ఒకటి కాదు, నాలుగు పుచ్చాయన్నారు. మూడింటికి సిమెంటు, ఒకదానికి రూట్ కెనాల్, దాని మీద క్యాపు. ఖర్చు ఎంతో విన్నాక పంటినొప్పి మర్చిపోయాను.

నాకు ముప్పై నాలుగేళ్ళు. పొద్దున, రాత్రి తప్పకుండా తోముతాను. మిఠాయిలు ముట్టను. కూల్ డ్రింకు తాగి మూడేళ్ళయింది. ఆరేడు నెలలుగా తోమేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం కూడా వస్తోంది. బ్రష్ గట్టిగా ఉందేమోనని రెండుసార్లు మార్చాను, తేడా లేదు.

మా తాతగారిది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఆయన పేస్టు ముఖం చూసి ఎరగరు. వేపపుల్ల, లేకపోతే కచ్చిక పొడి. రోజూ భోజనం చివర బెల్లం ముక్క పడాల్సిందే. ఎనభై నాలుగో ఏట పోయేదాకా చెక్కలు కరకరా నమిలారు. ఆయన మనవడినైన నేను జంతికను పాలలో నానబెట్టుకుని తినాల్సి వచ్చేలా ఉంది. లోపం పేస్టులో ఉందా, నీళ్ళలో ఉందా, నా రాతలో ఉందా?

పప్పుచారు
ఆ ఎక్స్-రే మీదేనా? పక్క కుర్చీలో ఆయనది కాదు కదా?

వేపచెట్టు_నీడ
ప్రశ్నలోనే జవాబు పెట్టుకుని మమ్మల్ని అడుగుతున్నారు. పందుంపుల్ల నమలడానికే పావుగంట పడుతుంది. ఆ చేదుకు నోరంతా నీళ్ళూరుతుంది. చివర నలిగి కుంచెలా అయ్యాక ఒక్కో పన్నూ విడివిడిగా తోముకునేవాళ్ళం. తరవాత పుల్లను నిలువునా చీల్చి దానితోనే నాలుక గీసుకునేవాళ్ళం. వేప దొరక్కపోతే కానుగ, అదీ లేకపోతే ఉత్తరేణి. ఇప్పుడు ఫోను చూసుకుంటూ అర నిమిషం నురగ కక్కి "తోమాను" అంటున్నారు. నాకు అరవై ఆరేళ్ళు. ఈ సంక్రాంతికి కూడా చెరుకుగడ పళ్ళతోనే చీల్చాను.

లెక్కల_మాస్టారు
మా నాన్నగారిదీ అదే పుల్ల, అదే చెట్టు. యాభై అయిదు దాటేసరికి ఆయన నోట్లో దవడపన్ను ఒక్కటి లేదు. అన్నం గుజ్జులా పిసికి పెట్టేది మా అమ్మ. మా ఊరి రచ్చబండ మీద కూర్చునే ముసలివాళ్ళలో సగం మంది బోసినోళ్ళే. వాళ్ళంతా పుల్ల నమిలినవాళ్ళే. అయితే బోసినోటి తాత గురించి ఏ మనవడూ గొప్పగా చెప్పుకోడు కాబట్టి చెక్కలు నమిలిన తాతల కథలే మనకు మిగిలాయి. మూడో_అంతస్తు గారూ, మీ తాతగారి పళ్ళు ఎప్పుడైనా లెక్కపెట్టారా?

మూడో_అంతస్తు
ఆయన చేత నోరు తెరిపించి లెక్కపెట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు మాస్టారూ.

వేపచెట్టు_నీడ
మాస్టారి నాన్నగారు పుల్ల సరిగ్గా నమిలి ఉండరు.

లెక్కల_మాస్టారు
వచ్చే జన్మలో కనుక్కుని చెబుతాను.

దంతాలయ్య
గుంటూరులో పద్దెనిమిదేళ్ళుగా పళ్ళు పీకడం, వీలైతే పీకకుండా నిలబెట్టడం నా పని. పుల్ల గొడవ ముందు తేలుద్దాం. వేపపుల్ల చెడ్డది కాదు. ఓపికగా నమిలితే పైకి కనిపించే పాచి బాగానే పోతుంది. రెండు పళ్ళు ఆనుకునే చోటికి మాత్రం చేరదు. ఆ మాటకొస్తే బ్రష్ కూడా చేరదు, అక్కడికి దారమో సన్నటి కుంచె పుల్లో కావాలి. కచ్చిక, ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు మాత్రం వద్దు. వాటితో ఏళ్ళ తరబడి అరగదీసి పంటి మొదట్లో గొడ్డలి వేటులాంటి గాటు పడినవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

ఇక పుచ్చు సంగతి. పంటిలో పురుగు ఉండదు. నోట్లో ఉండే బాక్టీరియా మనం తిన్న తీపిని తాను తిని ఆమ్లం వదులుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత దిగుతుంది. పంటి మీద అది సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్‌లోని, అంటే పంటి పైన ఉండే గట్టి పొరలోని, ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, కరిగినదాంట్లో కొంత తిరిగి పూడుస్తుంది. దానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోగా మళ్ళీ తీపి పడితే లెక్క మొదటికొస్తుంది. తాతగారు బెల్లం తిన్నది రోజుకు ఒక్కసారి, అదీ అన్నంతో పాటు. అదే ముక్కను పది పలుకులు చేసి పొద్దుటి నుంచి రాత్రి దాకా చప్పరించి ఉంటే ఆయన కథ వేరుగా ఉండేది.

ఇప్పుడు మీరు చెప్పండి. టీలు ఎన్ని, చక్కెర ఎంత? భోజనానికీ భోజనానికీ మధ్య నోట్లో ఏం పడుతుంది? రాత్రి తోమాక ఏమైనా తింటారా? రోజూ వేసుకునే మందులు ఉన్నాయా? ఆ నాలుగు పళ్ళు ఎక్కడివి?

మూడో_అంతస్తు
టీ మూడుసార్లు, అర చెంచా చక్కెర. మందులేమీ లేవు. రాత్రి తోమాక మంచినీళ్ళు తప్ప ముట్టను. పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం, తేనె కలుపుకుని తాగి, వెంటనే పళ్ళు తోముకుంటాను. ఆరోగ్యం కోసమే. పళ్ళు ఎక్కడివో డాక్టరును అడిగి చెబుతాను.

పప్పుచారు
దొరికాడు దొంగ! నిమ్మకాయ!

వేపచెట్టు_నీడ
నిమ్మకాయను ఏమీ అనకండి. మా ఇంట్లో అందరం తాగుతాం.

దంతాలయ్య
తాగండి. గబగబా తాగేసి మామూలు నీళ్ళతో పుక్కిలించండి. పుల్లటివి తాగిన వెంటనే తోమడమే తప్పు, ఎనామిల్ మెత్తబడి ఉంటుంది. తోమడం ముందు కానివ్వండి, లేదా గంట ఆగండి. పచ్చి మామిడికాయ తింటే పళ్ళు పులిశాయంటామే, ఆ పులుపు చేసే పనే ఇది. కానీ నిమ్మరసం దెబ్బ వేరుగా ఉంటుంది. అది పళ్ళను అరగదీసి, పలచబరిచి, నున్నగా చేస్తుంది. ఇలా నాలుగు గుంటలు తవ్వదు. నిమ్మకాయ సాక్షి మాత్రమే, ముద్దాయి ఇంకెవరో ఉన్నారు.

మర్రిగూడ_మట్టి
నీళ్ళ మాట ఎవరూ ఎత్తడం లేదు. నాది నల్లగొండ జిల్లా. మా తరం వాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలు చూసి ఊరు పేరు చెప్పేయవచ్చు. పెళ్ళి ఫొటోలో కూడా నేను నోరు మూసుకునే ఉన్నాను. మా పెదనాన్న వెన్ను వంగిపోయి, ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకునేవాడు. అంతా బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ చేసిన పనే. ఇవన్నీ చూశాక ఫ్లోరైడ్ అని రాసి ఉన్న పేస్టు ఏదీ మా ఇంటికి రానివ్వడం లేదు. ఇప్పుడు మాకు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. అయినా మా ఎనిమిదేళ్ళ పాపకు మూడు పళ్ళు పుచ్చాయి. ఇదేం న్యాయం?

దంతాలయ్య
మీ కోపంలో అర్థం ఉంది. మన దేశంలో ఈ జబ్బు సంగతి మొదట బయటపడిందే తెలుగు నేల మీద, 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతటా మీ జిల్లా పేరే ఉంది, నల్లగొండ పద్ధతి అంటారు.

కానీ ఒకటి గమనించండి. చారలు పడేది పళ్ళు ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడు, అంటే ఎనిమిదేళ్ళ లోపు, కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ వల్ల. పేస్టులోది పంటి పైన పనిచేస్తుంది, కరిగిన చోట గట్టిపరుస్తుంది. మింగకుండా ఉమ్మేయడమే ముఖ్యం. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. మీ పాప ఇప్పుడు ఉమ్మేయగలదు. మీ ఇంటి నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ తక్కువే ఉందని తేలితే ఫ్లోరైడ్ ఉన్న పేస్టుకు మారండి.

మర్రిగూడ_మట్టి
ఆలోచిస్తాను. మా పెదనాన్నను చూసిన కళ్ళతో ఆ అక్షరాలు ఉన్న డబ్బా కొనడం అంత తేలిక కాదు.

రాత్రి_డ్యూటీ
నేను నర్సుని. మా నాన్నకు పదేళ్ళుగా షుగర్. మాత్రలు పెంచారు, నడక పెంచారు, అయినా దిగదు. ఒకరోజు ఆయన పక్కన కూర్చుంటే నోటి వాసన తేడాగా అనిపించి తీసుకెళ్ళాను. చిగుళ్ళ కింద గార పేరుకుని చీము పట్టి ఉంది. రెండు పళ్ళు కదులుతున్నాయి. నొప్పి లేదు కదా అని ఆయన ఎవరికీ చెప్పలేదు. లోపలి దాకా శుభ్రం చేయించాక మూడు నెలలకు చేసిన పరీక్షలో షుగర్ కొంచెం తగ్గింది.

దంతాలయ్య
అంతా చిగుళ్ళ వల్లే అనుకోకండి, తిండి మీద కూడా శ్రద్ధ పెరిగి ఉంటుంది. కానీ ఆ రెండింటికీ లంకె ఉన్న మాట నిజం. షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్ళు త్వరగా చెడతాయి, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ దిగడానికి మొండికేస్తుంది. గుండెజబ్బుతో కూడా సంబంధం కనిపించింది గాని, ఇదే దానికి కారణమని ఇంకా తేలలేదు. "చిగుళ్ళు బాగుచేయించుకుంటే గుండెపోటు రాదు" అని ఎవరైనా బోర్డు పెడితే నమ్మకండి.

లెక్కల_మాస్టారు
డాక్టరుగారూ, నా సంగతి. రెండేళ్ళుగా రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నాను. ముందు పళ్ళ మధ్య చిగురు ఉబ్బి బుడిపెల్లా వస్తోంది. నొప్పి లేదు.

దంతాలయ్య
ఆ మందుతో కొందరికి అలా అవుతుంది, పాచి ఉంటే ఇంకాస్త ఎక్కువ. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. రాసిచ్చిన డాక్టరుకు చూపించి మార్చవచ్చేమో అడగండి. ఈలోగా గార తీయించుకోండి.

ఉప్పుగాలి
మా శ్రీకాకుళం వైపు అలవాటు ఒకటి చెబితే మిగతా జిల్లాల వాళ్ళు నమ్మరు. మా అమ్మమ్మ చుట్ట కాల్చేది. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని! అడ్డపొగ అంటారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని సముద్రం గాలిలో నడిచేటప్పుడు చుట్ట ఆరిపోకూడదని అలా మొదలైందని చెప్పేది. నోరు మూసుకునే పొగ పీల్చేది, చుట్ట తిప్పుతూ పని చేసుకునేది. ఆమె అంగిలి నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉండేది. చివరికి అక్కడే పుండు పడింది. విశాఖకు తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. పళ్ళు మాత్రం చివరి దాకా గట్టిగానే ఉన్నాయి. పళ్ళు బాగున్నాయంటే నోరు బాగున్నట్టే అనుకోవద్దని చెప్పడానికి రాశాను.

దంతాలయ్య
ఉప్పుగాలి గారు చెప్పింది పాఠ్యపుస్తకాల్లో చదివే విషయం. వక్క సంగతి కూడా ఇలాంటిదే. పొగాకు లేని వక్కపొడి కదా అని రోజంతా దవడన పెట్టుకునేవాళ్ళకు బుగ్గ లోపల బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. వక్క కూడా క్యాన్సర్ కారకమే. మీ మూడు వేళ్ళు నిలువుగా పేర్చి ముందు పళ్ళ మధ్య పెట్టుకుని చూడండి. పట్టకపోతే ఆలస్యం చేయకండి.

పప్పుచారు
ఆఫీసులో పెట్టుకుని చూశాను. పట్టాయి. పక్క సీటు ఆవిడ ఏమైందని అడిగింది. ఏం చెప్పాలో తెలియక ఆకలి అన్నాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ
మా పెద్దవాడికి రెండేళ్ళప్పుడు పై వరసలో ముందు పళ్ళు నాలుగూ నల్లబడ్డాయి. కింది పళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. అందరూ కాల్షియం తక్కువన్నారు, నేను గర్భంతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదన్నారు. మా అత్తగారైతే నా పుట్టింటి పళ్ళే అంత అని తేల్చేశారు. చివరికి ఒక డాక్టరమ్మ అడిగింది, "రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతాడా?" అని. అవును, చక్కెర వేసిన పాలు. పాలు పై పళ్ళ వెనక నిలిచేవట. కింది పళ్ళను నాలుక కప్పి కాపాడిందట. నిద్రలో లాలాజలం కూడా సరిగ్గా ఊరదు కదా. పుచ్చు ఎక్కడ పడిందో చూస్తే అలవాటు ఏమిటో తెలిసిపోతుందని ఆవిడ అన్న మాట నేను మర్చిపోలేదు.

మూడో_అంతస్తు గారూ, మీవి ఏ పళ్ళో ఇంకా చెప్పలేదు.

మూడో_అంతస్తు
ఇప్పుడే ఫోను చేసి కనుక్కున్నాను. నాలుగూ ఎడమ వైపే. కింద మూడు, పైన ఒకటి. బుగ్గ వైపు, చిగురుకు ఆనుకుని. కుడివైపు ఒక్కటీ లేదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఎడమ బుగ్గలో ఏం పెట్టుకుంటారు?

పప్పుచారు
ఈ ప్రశ్న చదివి నాకే చెమట పట్టింది.

లెక్కల_మాస్టారు
గంటన్నర అయింది. జవాబు లేదు. వాంగ్మూలం రాసుకుంటున్నట్టున్నారు.

మూడో_అంతస్తు
సరే. చెబుతాను. నవ్వకండి.

ఏడాది కిందటి దాకా రోజుకు పదిహేను సిగరెట్లు కాల్చేవాడిని. పాప పుట్టిన రోజున మానేశాను. మానాక నోరు ఖాళీగా ఉంటే పిచ్చెక్కినట్టు ఉండేది. కిందికి దిగి దుకాణానికి వెళ్ళే అలవాటు పోలేదు, అక్కడ సిగరెట్టు బదులు పిప్పరమెంటు బిళ్ళలు కొనడం మొదలుపెట్టాను. కొరకను, చప్పరిస్తాను. ఫోనులో మాట్లాడేటప్పుడు అడ్డం రాకుండా ఎడమ బుగ్గలోకి తోసేస్తాను. రోజుకు పది, పన్నెండు. మిఠాయి ముట్టనని రాసినప్పుడు ఇవి గుర్తుకే రాలేదు, ఒట్టు. నా లెక్కలో అవి మందు.

పప్పుచారు
నవ్వలేదు. సిగరెట్టు మానడం తమాషా కాదు. నేను అయిదుసార్లు మానేశాను, అందుకే తెలుసు.

లెక్కల_మాస్టారు
బిళ్ళ కరగడానికి పది నిమిషాలు వేసుకుందాం, ఆ తరవాత లాలాజలం సర్దడానికి తక్కువలో తక్కువ అరగంట. పన్నెండు బిళ్ళలకు ఎనిమిది గంటలు. అంటే ఉద్యోగం చేసినంత సేపూ ఎడమ బుగ్గలో ఆమ్లం కూడా ఉద్యోగం చేస్తోంది.

దంతాలయ్య
ముద్దాయి దొరికాడు. ఇద్దరు_పిల్లల_అమ్మ గారికి నా క్లినిక్‌లో ఉద్యోగం ఖాయం.

మూడో_అంతస్తు గారూ, అన్నిటికంటే ముందు ఒక మాట. ఇది చదివి మళ్ళీ సిగరెట్టు వైపు వెళ్ళకండి. నాలుగు పళ్ళు పోయినా మీరు చేసింది లాభసాటి బేరమే. మీ చిగుళ్ళ రక్తం సంగతి కూడా దీనితో తేలింది. పొగ తాగినన్నాళ్ళూ చిగుళ్ళకు రక్తప్రసరణ తగ్గి, లోపల జబ్బు ఉన్నా రక్తం కారదు. మానేశాక ప్రసరణ తిరిగి వస్తుంది, అప్పుడు దాగి ఉన్న వాపు బయటపడుతుంది. చాలామంది దీనికి భయపడి తోమడం తగ్గిస్తారు. మీరు తగ్గించకండి, మెత్తటి బ్రష్‌తో చిగురు అంచు దాకా తోమండి, గార తీయించండి.

నోటికి పని కావాలంటే చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి, లాలాజలం ఊరుతుంది, మంచిదే. లేదా రెండు యాలకులు. సోంపు అయితే రంగు చక్కెర పూత లేనిది. రాత్రి తోమాక నురగ ఉమ్మేయండి, నీళ్ళతో పుక్కిలించకండి. పేస్టు కాసేపు పంటి మీద ఉండాలి.

వేపచెట్టు_నీడ
యాలకుల బదులు వేపపుల్ల పెట్టుకోవచ్చు కదా?

దంతాలయ్య
పెట్టుకోవచ్చు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనకపోతే.

రాత్రి_డ్యూటీ
ఒక హెచ్చరిక. రూట్ కెనాల్ అయ్యేలోగా నొప్పి వస్తే మాత్ర నలిపి చిగురు మీద పెట్టకండి. మొన్న ఒకాయన అలా ఆస్పిరిన్ పెట్టుకుని బుగ్గ లోపలంతా తెల్లగా కాలిపోయి వచ్చాడు. లవంగ నూనె ఒక చుక్క దూదితో పెట్టుకుంటే కాసేపు తిమ్మిరి ఎక్కుతుంది. నొప్పి ఆగినంత మాత్రాన పన్ను బాగుపడినట్టు కాదు, అపాయింట్‌మెంట్ వాయిదా వేయకండి.

మూడో_అంతస్తు
మూడు వారాల తరవాత వచ్చాను. సిమెంట్లు అయిపోయాయి, రూట్ కెనాల్ రెండో విడత మిగిలింది. బిళ్ళలు మానేశాను. యాలకులు పెట్టుకుంటున్నాను, వాటి ఖర్చు సిగరెట్ల ఖర్చును తలదన్నేలా ఉంది. గార తీయించాక రక్తం బాగా తగ్గింది.

మాస్టారూ, మీరు అడిగిన లెక్క. మొన్న మా అమ్మతో మాట్లాడుతూ తాతగారి పళ్ళ గురించి అడిగాను. ఆమె నవ్వింది. పోయేనాటికి ఆయనకు మిగిలినవి పద్నాలుగేనట. పై వరసలో ముందువి అన్నీ ఉండబట్టి నిండుగా కనిపించేవట. చెక్కలు ఆయనకు విడిగా, నువ్వులు, వెన్న ఎక్కువ వేసి గుల్లగా చేసేదట మా నాయనమ్మ. ఆ డబ్బా మాకు అందకుండా అటక మీద పెట్టేది.

లెక్కల_మాస్టారు
ముప్పై రెండులో పద్నాలుగు.

వేపచెట్టు_నీడ
ఎనభై నాలుగేళ్ళకు పద్నాలుగంటే తక్కువా? అదీ వేప చలవే.

పప్పుచారు
ఆ గుల్ల చెక్కల కొలతలు మీ అమ్మగారిని అడిగి ఇక్కడ పెట్టండి.